కొరియా వైద్య పరిశోధనలు: గ్యాస్ నుంచి గుండె దాకా పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

"కొరియా శాస్త్రవేత్తలు తేల్చారు" అంటూ మొదలయ్యే వార్త ఏదో ఒకటి రోజూ ఫోనులోకి వచ్చి పడుతూనే ఉంటుంది. వాటిలో గట్టి సరుకు ఉంది, తాలు కూడా ఉంది. పాఠకులు పదేపదే అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాం. కొరియా అంటే ఇక్కడ దక్షిణ కొరియా అనే అర్థం. మందుల పేర్లు, మోతాదులు చదివి తెలుసుకోవడానికే. మీరు వేసుకునే మాత్రను మార్చాలన్నా, మానాలన్నా మీ డాక్టరు చెప్పాల్సిందే.

అమెరికా, ఇంగ్లండ్ పరిశోధనలు ఉండగా కొరియావి ఎందుకు చదవాలి?

ఆ దేశంలో ప్రజలందరికీ ఆరోగ్య బీమా సంస్థ ఒక్కటే. 1977లో 500 మందికి మించి పనిచేసే సంస్థల ఉద్యోగులతో ఈ బీమా మొదలైంది. 1989 నాటికి దేశమంతటికీ అందింది. వేర్వేరుగా ఉన్న బీమా సంఘాలన్నీ 2000లో ఒకే జాతీయ సంస్థలో కలిసిపోయాయి. సుమారు 5 కోట్ల మందిలో ఎవరు ఏ ఆస్పత్రికి వెళ్లినా, ఏ మందు రాయించుకున్నా ఆ బిల్లు ఒకే ఖాతాకు చేరుతుంది.

దానికి తోడు పెద్దవాళ్లకు రెండేళ్లకోసారి ఆరోగ్య పరీక్ష ఉంటుంది. సరిసంఖ్య సంవత్సరంలో పుట్టినవారి వంతు సరిసంఖ్య సంవత్సరంలో, బేసిసంఖ్య సంవత్సరంలో పుట్టినవారి వంతు బేసిసంఖ్య సంవత్సరంలో వస్తుంది. ఎత్తు, బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్ అన్నీ రాసిపెడతారు. కాబట్టి ఒక మనిషికి నలభయ్యో ఏట బీపీ ఎంత ఉంది, యాభై అయిదో ఏట గుండెపోటు వచ్చిందా లేదా అన్నది పేరు తీసేసి పరిశోధకులు చూడగలరు. పరిశోధనల కోసం పది లక్షల మంది నమూనాను విడిగా తయారుచేసి ఇచ్చారు కూడా.

నా దృష్టిలో అసలు కారణం ఇంకొకటి. జనానికి ఇంత విరివిగా పరీక్షలు చేసే దేశాలు తక్కువ. అందుకే పరీక్షలతో ఎవరికి మేలు జరిగిందో, ఎవరికి కీడు జరిగిందో రెండూ అక్కడ లెక్కలతో సహా కనిపిస్తాయి. మాస్టర్ హెల్త్ చెకప్‌ల మోజు పెరుగుతున్న మన ఊళ్లకు ఈ రెండో సంగతి బాగా అవసరం.

అంత మంది మీద చేసిన అధ్యయనమంటే నమ్మేయవచ్చు కదా?

తొందరపడకండి. బీమా ఖాతాలో ఉండే జబ్బు పేరు బిల్లు కోసం రాసింది. ఒక పరీక్షకు బీమా వర్తించాలంటే ఏదో ఒక అనుమానిత జబ్బు పేరు రాయాలి కనుక రాస్తారు. మందు కొన్నట్టు ఖాతాలో ఉంటుంది, మింగినట్టు ఉండదు. రోగి సొంత డబ్బుతో చేయించుకున్న బీమా వర్తించని చికిత్సలు ఆ ఖాతాలోకే రావు.

ఇంకో చిక్కు ఉంది. పది లక్షల మందిలో వెతికితే ఏదో ఒక సంబంధం కనిపించి తీరుతుంది. రోజూ కాఫీ తాగేవారికి ఫలానా జబ్బు తక్కువ అని తేలిందనుకుందాం. ఆ మేలు కాఫీది కావచ్చు, కాఫీ తాగేవారి చదువుది, జీతానిది, వ్యాయామానిదీ కావచ్చు. ఈ రకం వార్తలను చదివి వదిలేయడం మంచిది. మందు మార్చుకోవడానికి ఆధారం కావాలంటే రోగులను చీట్లు తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, చెరో చికిత్స ఇచ్చి, ఏళ్ల తరబడి గమనించిన ప్రయోగాలు చూడాలి. కింద చెప్పిన చాలా సంగతులు అలాంటి ప్రయోగాల్లో తేలినవే. కానివి ఎక్కడొచ్చినా చెబుతాను.

థైరాయిడ్ క్యాన్సర్ విషయంలో కొరియాలో ఏం జరిగింది?

ప్రపంచమంతా వైద్య విద్యార్థులకు చెప్పే కథ ఇది. 1999లో కొరియా ప్రభుత్వం క్యాన్సర్లను ముందే పట్టుకునే పరీక్షల పథకం మొదలుపెట్టింది. ఆ జాబితాలో థైరాయిడ్ లేదు. కానీ వచ్చినవాళ్లకు మెడ అల్ట్రాసౌండ్ కూడా చేసేస్తాం అని ఆస్పత్రులు 30 నుంచి 50 డాలర్లకు దాన్ని జతచేశాయి. నొప్పి లేదు, సూది లేదు, పది నిమిషాల పని. జనం చేయించుకున్నారు.

2011 వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. ఆ ఒక్క ఏడాదే 40 వేల మందికి పైగా క్యాన్సర్ అని చెప్పారు. మరి మరణాలో? ఏటా 400 లోపే. పరీక్షలు పెరగక ముందూ అంతే, పెరిగాకా అంతే. నిజంగా ప్రాణాలు తీసే క్యాన్సర్లను ముందే పట్టుకుంటూ ఉంటే మరణాలు తగ్గాలి. కొత్త జబ్బు విజృంభిస్తే అవి పెరగాలి. రెండూ జరగలేదంటే, జీవితాంతం ఏ హానీ చేయకుండా గొంతులో ఉండిపోయే చిన్న చిన్న గడ్డలను అల్ట్రాసౌండ్ తవ్వి తీసిందన్నమాట.

తవ్వి తీశాక ఊరుకోరు కదా. దాదాపు అందరికీ ఆపరేషన్ చేశారు, మూడింట రెండు వంతుల మందికి గ్రంథి మొత్తం తీసేశారు. వాళ్లు బతికినంత కాలం హార్మోన్ మాత్ర మింగాలి. ఆపరేషన్ అయినవారిలో సుమారు 11 శాతం మందికి పక్కనే ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కాల్షియం సమస్య వచ్చింది. 2 శాతం మందికి స్వరతంత్రి చచ్చుబడింది.

2014 మార్చిలో ఎనిమిది మంది కొరియా డాక్టర్లు జట్టుకట్టి, ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ అల్ట్రాసౌండ్ వద్దని బహిరంగంగా చెప్పారు. పత్రికలు, టీవీలు అందుకున్నాయి. అదే ఏడాది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ లెక్కలన్నీ అచ్చయ్యాయి. 2013లో సుమారు 43 వేలున్న ఆపరేషన్లు 2014లో 28 వేలకు పడిపోయాయి. జనాన్ని పరీక్షకు రమ్మని పిలవడం కంటే పరీక్ష వద్దని ఒప్పించడం కష్టం. సొంత వృత్తివాళ్ల ఆదాయానికే గండి పడే మాటను బయటికి అన్న ఆ ఎనిమిది మందిని మెచ్చుకోవాలి.

అయితే మా ప్యాకేజీలో ఉన్న థైరాయిడ్ పరీక్ష మానేయాలా?

రెండు వేర్వేరు పరీక్షలను కలిపేయకండి. రక్తంలో టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను చూసేది గ్రంథి సరిగా పనిచేస్తోందా లేదా అని. నీరసం, బరువు మార్పు, నెలసరి తేడాలు ఉన్నప్పుడు, గర్భిణులకు డాక్టర్లు దాన్ని రాస్తారు. పైన చెప్పిన కథంతా మెడ అల్ట్రాసౌండ్‌ది. ఏ బాధా లేని మనిషికి దాన్ని ప్యాకేజీలో ఉచితం అన్నా వద్దనడమే మేలు. చేతికి తగిలే గడ్డ ఉన్నా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగిలినా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా తప్పక చూపించుకోవాలి.

చాలా చిన్న గడ్డ క్యాన్సర్ అని తేలినా వెంటనే కోయకుండా గమనిస్తూ ఉండే పద్ధతి ఒకటుంది. జపాన్ వాళ్లు 1990లలోనే మొదలుపెట్టారు. కొరియాలో 2016 నుంచి పలు ఆస్పత్రులు కలిసి దీన్ని అధ్యయనం చేస్తున్నాయి.

నలభై దాటితే ఎండోస్కోపీ చేయించుకోవాలని కొరియా వాళ్లు అంటారు. మనకూ అవసరమా?

కొరియాలో కడుపు క్యాన్సర్ చాలా ఎక్కువ. అందుకే 40 నిండిన ప్రతివారికీ రెండేళ్లకోసారి కడుపు పరీక్ష ప్రభుత్వ పథకంలో ఉంది. మొదట్లో బేరియం తాగించి ఎక్స్‌రే తీయడం, గొట్టం వేసి చూడటం, రెంటిలో ఏదైనా ఎంచుకోవచ్చనేవారు. దేశమంతటి లెక్కలు తీసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఎండోస్కోపీ చేయించుకున్నవారిలో కడుపు క్యాన్సర్ మరణాలు 47 శాతం తక్కువని తేలింది. బేరియం ఎక్స్‌రేతో చెప్పుకోదగ్గ మేలేమీ కనిపించలేదు. ఇది చీట్లు తీసి చేసిన ప్రయోగం కాదు, ఖాతాల నుంచి తీసిన లెక్క. అయినా తేడా పెద్దది కాబట్టి కొట్టిపారేయలేం.

థైరాయిడ్‌లో నష్టం చేసిన పరీక్షల సంస్కృతే ఇక్కడ ప్రాణాలు కాపాడింది చూడండి. జబ్బు ఎంత ఎక్కువ, ఎంత వేగంగా ముదురుతుంది అన్నదే తేడా.

మన దేశంలో మిజోరం లాంటి ఈశాన్య ప్రాంతాలను పక్కన పెడితే కడుపు క్యాన్సర్ కొరియాలో ఉన్నంత లేదు. కాబట్టి నలభై నిండగానే అందరూ గొట్టం వేయించుకోవాలని కొరియా లెక్కలు చూపి చెప్పడం సబబు కాదు. మింగడానికి కష్టమైతే, కారణం లేకుండా బరువు తగ్గితే, మలం నల్లగా వస్తే, రక్తహీనత కనబడితే, వాంతులు ఆగకపోతే మాత్రం వయసు చూడకుండా వెళ్లండి.

హెచ్. పైలోరీ ఉందన్నారు. మందులు వాడకపోతే క్యాన్సర్ వస్తుందా?

హెలికోబ్యాక్టర్ పైలోరీ కడుపు గోడలో కాపురం పెట్టే బ్యాక్టీరియా. అల్సర్లకు అది కారణమని ఎప్పుడో తేలింది. దాన్ని చంపితే క్యాన్సర్ ముప్పు తగ్గుతుందా అన్న దానికి గట్టి జవాబులు సియోల్ పక్కనున్న గోయాంగ్‌లోని జాతీయ క్యాన్సర్ కేంద్రం నుంచి వచ్చాయి.

2018లో వచ్చిన మొదటి ప్రయోగంలో తొలిదశ కడుపు క్యాన్సర్‌ను ఎండోస్కోపీతోనే తీసేసిన రోగులను తీసుకున్నారు. బ్యాక్టీరియాకు మందులు ఇచ్చిన జట్టులో 7.2 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన జట్టులో 13.4 శాతం మందికి కడుపులో మళ్లీ కొత్త క్యాన్సర్ వచ్చింది. 2020లో వచ్చిన రెండోదానిలో తల్లిదండ్రులకో తోబుట్టువులకో కడుపు క్యాన్సర్ ఉన్న 1,676 మందిని సుమారు తొమ్మిదేళ్లు గమనించారు. మందులు వాడినవారిలో 1.2 శాతం మందికి, వాడనివారిలో 2.7 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. బ్యాక్టీరియా నిజంగా పోయినవారిని మాత్రమే తీసుకుంటే 0.8 శాతమే.

ఈ అంకెలను తిప్పి కూడా చదవండి. దగ్గరి బంధువుకు క్యాన్సర్ ఉండి, మందు వాడనివారిలో కూడా నూటికి తొంభై ఏడుగురికి తొమ్మిదేళ్లలో ఏమీ రాలేదు. భయపడాల్సిన పని లేదు, నిర్లక్ష్యమూ వద్దు. మన దేశంలో ఈ బ్యాక్టీరియా చాలామందిలో ఉంది, అయినా క్యాన్సర్ తక్కువ. ఎందుకన్నది వైద్యులకు ఇంకా పొడుపుకథే. అల్సర్ ఉన్నవారు, ఇంట్లో కడుపు క్యాన్సర్ ఉన్నవారు మందులు వాడాలి. వాడితే కోర్సు పూర్తిచేయాలి. నాలుగు రోజులు వేసుకుని నోరు చేదుగా ఉందని మానేస్తే బ్యాక్టీరియా చావదు, పైగా ఆ యాంటీబయాటిక్‌కు మొండిదవుతుంది. కోర్సు అయిన నెల తరువాత శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించి పోయిందో లేదో చూసుకోవాలి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

గ్యాస్‌కు కొరియా కొత్త మాత్ర వచ్చిందట. పాంటాప్రజోల్ కంటే మంచిదా?

మీరు అడుగుతున్నది టెగోప్రజాన్ గురించి. కొరియాలో 2018లో అనుమతి వచ్చింది. భారత్‌తో పాటు మరికొన్ని దేశాల్లో అమ్మే హక్కులను 2022లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ తీసుకుంది. ఇదే కోవకు చెందిన ఫెక్సుప్రజాన్ కూడా కొరియాదే.

పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి ఆమ్లం పంపు తెరుచుకుని పనిచేస్తున్నప్పుడే దాన్ని పట్టుకోగలవు. అందుకే టిఫిన్‌కు అరగంట ముందు పరగడుపున వేసుకోమంటారు. మనవాళ్లు ఇడ్లీ తిన్నాక గుర్తొచ్చి వేసుకుంటారు, ఆపై మాత్ర పనిచేయడం లేదంటారు. పూర్తి ప్రభావానికి వాటికి మూడు నాలుగు రోజులు కూడా పడుతుంది. కొత్తవి పంపులో పొటాషియం కూర్చునే చోటులో తామే కూర్చుంటాయి. మొదటి రోజు నుంచే పనిచేస్తాయి, తిండికి ముందా తరువాతా అన్న పట్టింపు లేదు.

అన్నవాహికలో పుండ్లు మానడంలో ఇవి పాతవాటికి తీసిపోవని ప్రయోగాలు చెబుతున్నాయి. చాలా మెరుగని మాత్రం చెప్పడం లేదు. ఒమెప్రజోల్ కుటుంబానికి ముప్పై ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది, వీటికి అంత లేదు. పాత మాత్రను సరైన వేళకు వేసుకుంటే బాధ తగ్గేవారు మారనక్కర్లేదు. రాత్రి పదింటికి పులిహోర తిని పదిన్నరకు పడుకునేవారికి ఏ మాత్రా చాలదు.

కొలెస్ట్రాల్ మాత్ర మోతాదు పెంచమన్నారు. ఒళ్లు నొప్పులు భయం. కొరియా వాళ్లు ఏమంటున్నారు?

వాళ్ల పరిశోధనల్లో మనకు నేరుగా పనికొచ్చేది ఇదే కావచ్చు. స్టాటిన్ అనే రకం కొలెస్ట్రాల్ మాత్ర మోతాదు రెట్టింపు చేస్తే చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) అదనంగా తగ్గేది ఆరు శాతం దరిదాపుల్లోనే. దుష్ప్రభావాలు మాత్రం పెరగవచ్చు. దానికి బదులు పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోకుండా ఆపే ఎజెటిమైబ్ కలిపితే?

కొరియాలో 26 ఆస్పత్రులు కలిసి, గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉన్న 3,780 మందితో ప్రయోగం చేశాయి. ఒక జట్టుకు రోసువాస్టాటిన్ 10 మి.గ్రా. తో ఎజెటిమైబ్ 10 మి.గ్రా. కలిపి ఇచ్చారు. రెండో జట్టుకు రోసువాస్టాటిన్ ఒక్కటే 20 మి.గ్రా. ఇచ్చారు. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం మూడేళ్లలో గుండె సంబంధ మరణాలు, పెద్ద గుండె సంఘటనలు, పక్షవాతం మొదటి జట్టులో 9.1 శాతం, రెండో జట్టులో 9.9 శాతం. అంటే దాదాపు సమానం. కానీ ఎల్‌డీఎల్ 70 లోపుకు దిగినవారు మొదటి ఏడాది మొదటి జట్టులో 73 శాతమైతే రెండో జట్టులో 55 శాతమే. మాత్ర పడక మానేసినవారు, తగ్గించుకున్నవారు మొదటి జట్టులో 4.8 శాతం, రెండో జట్టులో 8.2 శాతం.

మరుసటి ఏడాది 4,400 మందితో ఇంకో ప్రయోగం అచ్చయింది. అందరికీ పెద్ద మోతాదు ఇచ్చేయడం మేలా, లేక ఎల్‌డీఎల్‌ను 50–70 మధ్య ఉంచేలా మనిషిని బట్టి మోతాదు సర్దడం మేలా అని చూశారు. మూడేళ్ల ఫలితాలు సమానమే.

ఇక్కడ మనకు నిజమైన చుట్టరికం ఒకటుంది. ఒకే మోతాదు రోసువాస్టాటిన్ తీసుకున్నా ఆసియావాసుల రక్తంలో ఆ మందు తెల్లజాతివారి కంటే సుమారు రెట్టింపు చేరుతుంది. ఆసియావాసులంటే కొరియన్లు, చైనీయులే అనుకోకండి. అమెరికాలో ఆ మందుకు రాసే సూచనల్లో భారత సంతతివారినీ చేర్చి, 5 మి.గ్రా. తో మొదలుపెట్టమన్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు 20, 40 మి.గ్రా. రాసినప్పుడు ఈ సంగతి డాక్టరును అడగవచ్చు. అలాగని ఒళ్లు నొప్పి పుట్టిన ప్రతిసారీ స్టాటిన్‌ను తిట్టి మానేయకండి. గుండెపోటు వచ్చినవారు దాన్ని మానడం చాలా ప్రమాదం.

స్టెంట్ వేశారు. జీవితాంతం ఆస్పిరినేనా?

మొదటి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా రక్తం గడ్డకట్టకుండా ఆపే రెండు మందులు కలిపి వాడి, ఏ ఇబ్బందీ లేకుండా బయటపడిన 5,400 మందికి పైగా రోగులను కొరియాలో రెండు జట్లు చేశారు. ఒకరికి ఆస్పిరిన్ ఒక్కటే, మరొకరికి క్లోపిడోగ్రెల్ ఒక్కటే. రెండేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం, పెద్ద రక్తస్రావం వంటివన్నీ కలిపి క్లోపిడోగ్రెల్ జట్టులో 5.7 శాతం, ఆస్పిరిన్ జట్టులో 7.7 శాతం. 2021లో లాన్సెట్‌లో వచ్చింది.

తమాషా ఏమిటంటే, క్లోపిడోగ్రెల్‌ను ఒంట్లో పనిచేసే రూపానికి మార్చే జన్యువు బలహీనంగా ఉండటం తూర్పు ఆసియాలో ఎక్కువ. మనలోనూ తక్కువేమీ కాదు. అయినా అదే గెలిచింది. ఇలాంటిదే అయిన టికాగ్రెలార్ వాడేవారి మీద వచ్చిన మరో కొరియా ప్రయోగంలో గుండెపోటు తరువాత మూడు నెలలకు ఆస్పిరిన్ ఆపేస్తే రక్తస్రావాలు తగ్గాయి. ఇవన్నీ మీ కార్డియాలజిస్టుతో చర్చకు తెచ్చే విషయాలు. స్టెంట్ వేసిన మొదటి ఏడాదిలో ఎవరో చెప్పారని ఒక్క మాత్ర ఆపినా స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు.

స్టెంట్ వేశాక ఏటా ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించాలా?

బాధ ఏమీ లేకపోతే అక్కర్లేదనే 2022లో తేలింది. ముప్పు ఎక్కువున్న 1,706 మందిని తీసుకుని, సగం మందికి స్టెంట్ వేసిన ఏడాదికి తప్పనిసరిగా ట్రెడ్‌మిల్ లాంటి ఒత్తిడి పరీక్ష చేశారు. మిగతా సగం మందిని ఆయాసం, నొప్పి వస్తేనే రమ్మన్నారు. రెండేళ్లకు మరణాలు, గుండె సంఘటనలు 5.5 శాతం, 6 శాతం. తేడా లేదు. పరీక్ష చేసినవారిలో మళ్లీ యాంజియోగ్రామ్‌లు, మళ్లీ స్టెంట్లు మాత్రం ఎక్కువయ్యాయి. థైరాయిడ్ కథకు ఇది చిన్న తమ్ముడు.

నా బీఎంఐ 24. సన్నగానే ఉన్నానా?

బీఎంఐ అంటే ఎత్తును బట్టి వేసే బరువు లెక్క. కొరియాలో అది 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మన దేశంలోని వైద్యులూ ఎక్కువగా ఇవే గీతలు వాడతారు. కానీ 12 లక్షల మంది కొరియన్లను పన్నెండేళ్లు గమనించి 2006లో వేసిన అధ్యయనంలో మరణాల ముప్పు అన్నిటికంటే తక్కువ ఉన్నది 23 నుంచి 25 లోపు వారిలోనే. మరీ సన్నగా ఉన్నవారిలోనూ ముప్పు పెరిగింది. ఎందుకీ పొంతన లేకపోవడం? షుగర్, బీపీ తక్కువ బరువులోనే మొదలవుతాయి కాబట్టి గీతను కిందికి దించారు. చావు లెక్క వేరు. 24 ఉందని కంగారు వద్దు, నడుము చుట్టుకొలత చూసుకోండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి మన దేశంలో 80, కొరియాలో 85 హద్దు.

షుగర్ మందుల్లో కొరియావి ఏమైనా ఉన్నాయా?

మీ ఊరి మందుల షాపులోనే ఉన్నాయి. ఎవోగ్లిప్టిన్ కొరియాలో తయారై, భారత కంపెనీల ద్వారా ఇక్కడికి వచ్చింది. లోబెగ్లిటజోన్‌ను 2022లో ఇక్కడ విడుదల చేశారు. ఇది పయోగ్లిటజోన్ కుటుంబానిది కాబట్టి కాళ్లవాపు, బరువు పెరగడం గమనించాలి. గుండె బలహీనత ఉన్నవారు వాడకూడదు.

మందుల కంటే నాకు ఆసక్తి కలిగించింది ఆన్‌సాన్, ఆన్‌సంగ్ పట్టణాల అధ్యయనం. 2001 నుంచి అక్కడి జనాన్ని రెండేళ్లకోసారి పరీక్షిస్తూ వచ్చారు. షుగర్ వచ్చినవారిలో ఇన్సులిన్ తయారుచేసే కణాల శక్తి మొదటి నుంచే తక్కువగా ఉందనీ, ఒంట్లో ఇన్సులిన్ మొండితనం పెరిగినప్పుడు అవి ఆ లోటు పూడ్చలేకపోయాయనీ పదేళ్లకు తేలింది. "లావు లేను, నాకు షుగర్ ఎందుకొచ్చింది" అని మన ఇళ్లలో వినిపించే ప్రశ్నకు జవాబు ఇటువైపే ఉంది.

కిమ్చి తింటే మంచిదంటారు. మన ఆవకాయ కూడా అలాంటిదేనా?

కిమ్చి అంటే కొరియావాళ్లు ఉప్పు వేసి పులియబెట్టే కూరగాయల పచ్చడి. పులియబెట్టిన తిండి పేగులకు మేలు చేయవచ్చు. ఉప్పు మాత్రం రెండు జాడీల్లోనూ ఒకటే. 2010లో కొరియన్లు రోజుకు సగటున సుమారు 4,800 మి.గ్రా. సోడియం తినేవారు, అంటే పన్నెండు గ్రాముల ఉప్పు. 2012 నుంచి ప్రభుత్వం పట్టుబట్టి తగ్గించే పనిలో పడింది. పదేళ్లలో అది 3,200 దరిదాపులకు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 2,000 లోపు. కిమ్చిని కీర్తించే వ్యాసాలు చాలా వస్తాయి కానీ ఆ దేశపు సొంత ప్రభుత్వం ఉప్పు తగ్గించమని వెంటపడుతున్న సంగతి వాటిలో ఉండదు. మన ఆవకాయ పులియబెట్టినది కూడా కాదు, ఉప్పు, నూనె, ఆవపిండిలో నిలవ చేసినది.

మోకాలి గుజ్జు అరిగింది. కొరియాలో ఒక్క ఇంజెక్షన్‌తో తగ్గిస్తున్నారట?

ఈ వార్త ఇప్పటికీ తిరుగుతోందంటే ఆశ్చర్యమే. ఇన్వోసా అనే జన్యుచికిత్స ఇంజెక్షన్‌కు 2017లో కొరియా అనుమతి ఇచ్చింది. మృదులాస్థి కణాల్లో పెరుగుదలకు తోడ్పడే జన్యువును చొప్పించి మోకాలిలోకి ఎక్కిస్తామన్నారు. 3 వేల మందికి పైగా వేశారు. అమెరికాలో ప్రయోగాలు జరుగుతుండగా 2019లో అసలు సంగతి బయటపడింది. అందులో ఒక భాగం మృదులాస్థి కణాలే కావు, ప్రయోగశాలల్లో పెంచే మూత్రపిండ కణాలు. అదే ఏడాది అనుమతి రద్దు చేశారు. ఆ దేశానికిది మొదటి దెబ్బ కాదు. మానవ మూలకణాల మీద 2004, 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన హ్వాంగ్ వూసుక్ పరిశోధనలు కల్పితమని తేలి, 2006 జనవరిలో ఉపసంహరించారు. అయితే ఆ మోసాన్ని బయటపెట్టింది కూడా కొరియా విలేకరులు, యువ పరిశోధకులే.

బొడ్డుతాడు రక్తపు మూలకణాలతో చేసిన కార్టిస్టెమ్‌కు అక్కడ 2012 నుంచి అనుమతి ఉంది. దాన్ని ఆపరేషన్ చేసి అమర్చాలి, ఇంజెక్షన్ కాదు. మన దగ్గర అనుమతి పొందిన అతి కొద్ది ఉత్పత్తులు తప్ప, కీళ్లకు స్టెమ్‌సెల్ (మూలకణ) చికిత్స అంటూ ప్రకటించేవి ఇంకా ప్రయోగ దశవే. లక్షలు కట్టే ముందు దీనికి అనుమతి పత్రం ఏది అని అడగండి. బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం ఇప్పటికీ ముందు వరుసలో ఉన్న చికిత్సలే.

జిన్సెంగ్, కొరియా మూలికావైద్యం సంగతేమిటి?

అక్కడ ఆధునిక వైద్యులకు, సంప్రదాయ వైద్యులకు వేర్వేరు కోర్సులు, వేర్వేరు లైసెన్సులు. కీళ్లు, వెన్ను సర్దే చునా చికిత్సకు 2019 నుంచి బీమా వర్తిస్తోంది. దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 108 మందిపై జరిగిన ప్రయోగంలో మామూలు చికిత్స కంటే నొప్పి ఎక్కువ తగ్గింది. అయితే ఏ చికిత్స పొందుతున్నారో రోగికి తెలిసే ప్రయోగమది. ఎర్ర జిన్సెంగ్ అనే వేరు మీద అధ్యయనాలు చాలావరకు చిన్నవి, కొద్ది వారాలవి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు, షుగర్ మాత్రలు వేసుకునేవారు డాక్టరుకు చెప్పకుండా దాన్ని ముట్టుకోవద్దు.

పిల్లలకు చిన్నప్పుడే కళ్లద్దాలు. దీని మీద ఏమైనా తేలిందా?

2010లో సియోల్‌లో సైనిక సేవకు పిలిచిన 19 ఏళ్ల కుర్రాళ్లను పరీక్షిస్తే 96.5 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనిపించడం) ఉంది. అయిదుగురిలో ఒకరికి అది తీవ్రం. చదువు ఎక్కువైన కొద్దీ ముప్పూ పెరిగింది. పిల్లలను పగటి వెలుగులో ఆడనివ్వమనే సలహాకు ఇంతకంటే పెద్ద హెచ్చరిక అక్కర్లేదు.

కొరియా పరిశోధనల్లో మీకు బాగా నచ్చింది ఏది?

ఏ గొప్ప మందూ కాదు. 2011 వసంతంలో సియోల్‌లోని ఒక పెద్ద ఆస్పత్రికి గర్భిణులు, బాలింతలు ఊపిరాడక వరుసగా వచ్చారు. యువతులు, అంతవరకు ఏ జబ్బూ లేనివారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి. వైరస్ కోసం వెతికితే దొరకలేదు. ఆ డాక్టర్లు అంటువ్యాధుల నియంత్రణ సంస్థకు కబురు చేశారు. పరిశోధకులు రోగులను, అదే ఆస్పత్రికి వచ్చిన ఇతర రోగులను పక్కపక్కన పెట్టి వాళ్ల ఇంట్లో ఏమేం వాడతారో అడిగారు. తేడా ఒక్క చోట తేలింది. కొరియాలో చలికాలం నేలను వెచ్చబెట్టుకుంటారు, గాలి పొడిబారుతుంది, అందుకని గదిలో తేమ యంత్రం పెడతారు. ఆ యంత్రం నీళ్లలో పాచి పట్టకుండా కలిపే ద్రావణాన్ని 1990ల నుంచి దుకాణాల్లో అమ్ముతూ వచ్చారు. చర్మానికి పెద్దగా హాని చేయని ఆ రసాయనం పొగమంచులా మారి ఊపిరితిత్తుల్లోకి దిగితే విషమైంది.

2011 ఆగస్టు 31న వాడవద్దని ప్రకటించారు, నవంబరులో మార్కెట్ నుంచి తీసేయించారు. ఆ తరువాతి వసంతం నుంచి అలాంటి కొత్త కేసులు రాలేదు. అంతకుముందు కొన్నేళ్లుగా ప్రతి వసంతంలో పిల్లలు ఇలాగే చనిపోతున్నా పిల్లల డాక్టర్లకు కారణం అంతుపట్టలేదు. ఏసీ గదిలో తేమ యంత్రం పెట్టుకునేవారు అందులో మంచినీళ్లు తప్ప సువాసన నూనె, డెట్టాల్ వంటివేవీ పోయకండి.

స్క్రబ్ టైఫస్‌కు కూడా కొరియాలో మందు కనుగొన్నారా?

నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే ఈ జ్వరం అక్కడ కోతల కాలంలో, అక్టోబరు, నవంబరులో ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోనూ కేసులు వస్తూనే ఉన్నాయి. జ్వరం తీవ్రం కానప్పుడు ఒక్క మోతాదు అజిత్రోమైసిన్ వారం రోజుల డాక్సీసైక్లిన్‌కు సాటి వస్తుందని 2004లో కొరియా ప్రయోగం చూపింది. తీవ్రమైన జ్వరానికి రెండూ కలిపి ఇవ్వడమే మేలని 2023లో చెప్పింది మన దేశపు పరిశోధకులు. జ్వరంతో పాటు ఒంటిమీద సిగరెట్ కాలినట్టు నల్లటి మచ్చ కనిపిస్తే డాక్టరుకు చూపించండి. అది చంకలోనో, నడుము పట్టీ కిందో దాక్కుని ఉంటుంది.

మా అబ్బాయి కొరియాలో చదువుతున్నాడు. ఈ పరీక్షలు వాడికీ చేస్తారా?

చేస్తారు. ఆరు నెలలకు మించి ఉండే విదేశీయులకు 2019 జూలై నుంచి, విద్యార్థులకు 2021 మార్చి నుంచి జాతీయ బీమా తప్పనిసరి. నెల నెలా చందా కట్టాలి. బీమా ఉన్న 20 ఏళ్లు నిండినవారికి రెండేళ్లకోసారి సాధారణ పరీక్ష ఉచితం. కంపెనీల్లో ఆఫీసు పని కాకుండా ఇతర పనులు చేసే ఉద్యోగులకు అది ఏడాదికోసారి. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్లాలి. ఎత్తు, బరువు, నడుము, చూపు, వినికిడి, బీపీ, రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే పూర్తయ్యేసరికి సాధారణంగా గంట పడుతుంది. నలభై దాటిన తల్లిదండ్రులు అక్కడే ఉంటూ బీమాలో ఉంటే కడుపు ఎండోస్కోపీ కూడా వస్తుంది. అయితే మత్తు ఇచ్చి చేయమంటే ఆ మత్తు ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి. పరీక్ష చేసే చోట థైరాయిడ్ అల్ట్రాసౌండ్ కూడా కలపమంటారా అని అడిగితే ఏమనాలో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది.